టెలిస్కోపు కోసం ఖాళీ పెట్టెతో పాలమూరు

పాలమూరు వైపు వెళ్లొచ్చానని చెబితే మా కాకినాడలో ఇప్పటికి ఏడుగురు అడిగారు, అక్కడ చూడ్డానికి ఏముందని. ఆకాశం ఉందన్నాను. ఇక్కడ లేదా అన్నారు. లేదు. మా మేడెక్కితే కనిపించేది పోర్టు దీపాలు, ఎదురింటివాళ్ల షామియానా బల్బులు, ఓపికుంటే చందమామ. ముప్ఫై ఒక్క ఏళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, పాలపుంతను నల్లబల్ల మీద సుద్దముక్కతోనే చూపించాను.

అసలు ఎందుకు వెళ్లానో ముందే చెప్పేస్తాను. ఎక్కడో కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, చచ్చిపోయి గట్టిపడ్డ నక్షత్రాలు రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొంటాయి. ఆ అదురు అలలుగా విశ్వమంతా పాకుతుంది. వాటినే గురుత్వ తరంగాలంటారు. ఆ అదురును పసిగట్టడానికి కిలోమీటర్ల పొడవున్న యంత్రాలు ప్రపంచంలో కొన్నిచోట్ల ఉన్నాయి, మన దేశంలోనూ ఒకటి కడుతున్నారు. అదురు తగిలిన నిమిషాల్లో లోకమంతటికీ కబురు వెళ్తుంది: ఆకాశంలో ఫలానా మేర వెతకండి, కొత్త వెలుగు ఉండవచ్చు, కొద్ది రోజుల్లో ఆరిపోతుంది. చోటు మాత్రం కచ్చితంగా చెప్పలేరు. అందుకని చిన్నా పెద్దా టెలిస్కోపులన్నీ ఆ మేరను పంచుకుని గాలిస్తాయి.

మాది అందులో చిన్నవాళ్ల జట్టు. బడి టీచర్లు, నాలాంటి రిటైరైనవాళ్లు. నాగర్‌కర్నూలు జిల్లాలో ఒక హైస్కూలు మేడ మీద మా టెలిస్కోపు ఒకటుంది. మూడు కబుర్లకు అక్కడినుంచి ఒక్క జవాబు రాలేదు. పూణేలో ఉండే మా జట్టు పెద్దాయన విసుగెత్తి, దాన్ని తెచ్చేద్దాం, ఒడిశాలో ఒక బడి అడుగుతోంది అన్నారు. నేను వెళ్తానన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ కోపంగానే ఉంది. అంత ఖరీదైన వస్తువును మేడ మీద దుమ్ముకు వదిలేశారని మనసులో తీర్పు చెప్పేసుకునే రైలెక్కాను.

గద్వాల: పెట్టెకు ఒక కట్టు

ఆ టెలిస్కోపు మొదట గద్వాలలో ఒక బడికి ఇచ్చింది. అక్కడి సారుకు బదిలీ అయితే నాగర్‌కర్నూలు వైపు పంపారు, దాన్ని ప్యాక్ చేసే చెక్కపెట్టె మాత్రం స్టోర్ రూములోనే ఉండిపోయింది. పెట్టె కోసం ముందు గద్వాలలో దిగాను.

తాళం తీసిన వాచ్‌మన్ పేరు బీచుపల్లి. ఊరి పేరేమో అనుకున్నాను. "నా పేరే అమ్మా. ఆ ఊరి దేవునికి మొక్కితె పుట్టిన" అన్నాడు. మా వైపు అన్నవరం అనే పేరున్న మనుషులున్నట్టే. పెట్టె నాలుగడుగుల పొడవుంది, మూత బందు ఒకటి ఊడిపోయి ఉంది. "మా ఇంటికి తీస్కపోదం పట్టు, మా ఇంటామె కడ్తది" అని ఒక కొస తనే ఎత్తుకున్నాడు.

వాళ్లావిడ మగ్గం మీదుంది. గద్వాల చీర ఎన్ని పెళ్లిళ్లకు కట్టుకున్నానో గానీ, ఒళ్లంతా నూలు, అంచు పట్టు, ఆ రెండిటినీ మగ్గం మీదే పోగుకు పోగు కలుపుతారని ఆ రోజే తెలిసింది. "ఒక్క పోగు తప్పినా చీర చెప్తది" అందావిడ. మిగిలిన పడుగు దారం నాలుగు పేటలు వేసి పెట్టెకు కట్టు కట్టింది. అది తెంపాలంటే కత్తెర కావాలి అని హెచ్చరించింది కూడా.

జొన్నరొట్టె, పుండికూర పెట్టారు. పుండికూర అంటే మన గోంగూరే. మేం పచ్చడి చేసి అన్నంలో నూనెతో ముద్ద చేస్తాం, వీళ్లు పప్పులా మెత్తగా ఉడికించి రొట్టెతో తింటారు. నేను మూడో రొట్టె దగ్గర చేయి అడ్డం పెడితే "సాకా?" అంది. చాలా అని. కన్నడ దేశం పక్కనే కదా. ఒక చీర కొన్నాను, ధర ఇక్కడ రాయను, ఇది మా ఆయన చదువుతారు.

కొత్తకోట: ఖాళీ పెట్టెకు టికెట్టు

బస్సులో కండక్టరు పెట్టెకు లగేజీ టికెట్టు కొట్టాడు. లోపల ఏమీ లేదు బాబూ అంటే, చోటు తింటుంది కదమ్మా అన్నాడు. న్యాయమే, కానీ ఒళ్లు మండింది.

కొత్తకోటలో బస్సు మారాలి. హైవే పక్క ధాబాలో పెట్టెను కాళ్ల దగ్గర పెట్టుకుని చాయ్ చెప్పాను. మా వైపు టీ అంటే గ్లాసు నిండా, ఇక్కడ రెండు గుక్కలు, కానీ ఆ రెండూ గట్టివి. ధాబా యజమాని పెట్టె వంక చూశాడు.

"ఏందమ్మా దాంట్ల?"

"ఏమీ లేదు. టెలిస్కోపు తేవడానికి వెళ్తున్నాను."

"ఎవలదది?"

"మాదే. ఒక బడికి ఇచ్చాం. వాడట్లేదు, తెచ్చేస్తున్నాం."

"పిల్లలకిచ్చిన్దాన్ని మళ్ల గుంజుకపోతరా?" అని ఆశ్చర్యపోయాడు. "వాడ్తలేరని మీరు చూసిండ్రా?"

చూడలేదు. చూసినట్టే మాట్లాడాను. చాయ్ సగంలో వదిలేసి బస్సు వచ్చిందని లేచాను, నిజానికి బస్సు ఇంకా రాలేదు.

వనపర్తి: పెట్టె మీద నలుగురు

వనపర్తి బస్టాండులో నేను నీళ్ల సీసా కొనుక్కుని వచ్చేసరికి నా పెట్టె బెంచీ అయిపోయింది. నలుగురు ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. పల్లికాయ తెంపడానికి కూలికి పోతున్నారట. "లెవ్వండమ్మా, విరిగిపోతుంది" అన్నాను. "ఇరగదు తియ్యి, మంచి కట్టు గట్టిండ్రు. నువ్వు గూడ జర కూసో" అని జరిగి చోటిచ్చారు. నా పెట్టె మీద నాకే చోటిచ్చారు చూడండి. కొంగులోంచి వేయించిన పల్లీలు తీసి గుప్పెడు పెట్టారు. మా ఊళ్లో కొట్లో కొనే పల్లీకి ఇంత తీపి ఉండదు. వాళ్ల బస్సు వచ్చేదాకా అయిదుగురం ఆ పెట్టె మీదే తిన్నాం.

పేరు రాయని ఊరు

నాగర్‌కర్నూలు నుంచి ఆటోలో వెళ్లిన ఆ ఊరి పేరు రాయను. రాస్తే మీరంతా కార్లేసుకుని హెడ్‌లైట్లతో వెళ్తారు, అక్కడి చీకటి పాడవుతుంది. ఎత్తిపోతల నీళ్లు పారే పిల్లకాలువకు అది చివరి ఊరు, అంతవరకు చాలు.

బడి గేటు దగ్గర షమీమ్ మేడమ్ ఎదురొచ్చింది. ఫిజిక్స్ టీచరు, నలభై దాటి ఉంటాయి. ఆటోలోంచి దిగుతున్న పెట్టెను చూసింది. దేనికని అడగలేదు. మొహం మాత్రం చిన్నబోయింది. "చాయ్ తాగుతరా మేడమ్?" అంది.

మేడ మీదికి వెళ్లాం. దుమ్ము కోసం వెతికాను, దొరకలేదు. యూరియా సంచులు కుట్టి చేసిన తొడుగు, దాని కింద పాత చున్నీ, దాని కింద అద్దంలా మెరుస్తున్న టెలిస్కోపు. కల్వకుర్తిలో మోటార్ల వైండింగు దుకాణం నడిపే ఆమె తమ్ముడు రేకుల కప్పుకు చక్రాలు పెట్టి, ఒక పాత మోటారు బిగించి ఇచ్చాడట. బటన్ నొక్కితే కప్పు పక్కకు జరుగుతుంది. మా జట్టులో ఇంకెవరికీ ఇలాంటిది లేదు. కొత్తకోట ధాబా ఆయన అడిగిన మాట గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఆమె ఒక నోటు పుస్తకం తెచ్చింది. మూడు కబుర్లకూ చూసింది. ఏ సాయంత్రం ఏ గెలాక్సీ, ఎన్ని గంటలకు, పాత ఫొటోతో పోల్చితే ఏం తేడా, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి.

"మరి పంపలేదేం షమీమ్?"

"ఏం పంపాలె మేడమ్? కొత్త చుక్క ఏం కనపడలే. ఖాళీ కాయితం పంపితె ఏమనుకుంటరు?" అని గోడ వైపు చూపించింది.

గోడ మీద కాగితం

గోడకు జిగురుతో అంటించిన కాగితం మీద తెలుగులో సూచనలున్నాయి. చివరి వాక్యం: "కొత్త చుక్క కనిపిస్తే వెంటనే పంపండి." ఆ తెలుగు నాది. ఇంగ్లిషు కాగితంలో దాని కింద ఇంకో వాక్యం ఉంది, ఏమీ కనిపించకపోయినా పంపండి అని. ఒక పేజీలో ఇమడడం లేదని, అదేం పెద్ద విషయమని, నా చేత్తో నేనే కొట్టేశాను.

ముప్ఫై ఒక్క ఏళ్ల పాఠాలు ఒక్క దెబ్బతో నా మీద పడ్డాయి. "తప్పు నాదమ్మా" అన్నాను. ఆమె అయ్యో అదేం మాట అంటోంది గానీ, మెట్ల దగ్గర కూర్చున్న మనిషి మాత్రం నవ్వాడు.

ఆయన కుర్మయ్య, కాలువ లష్కర్. అంటే కాలువ వెంట తిరిగి తూములు చూసుకునే మనిషి. రోజూ పొద్దు గూకే ముందు ఫోన్ చార్జింగుకు బడికి వస్తాడట.

"మా కాడ గట్ల నడవదమ్మా" అన్నాడు. "నీళ్లొస్తే మూడు మిస్డ్ కాల్‌లు. రాకుంటె రెండు. ఒకడు ఇద్దరికిస్తడు, ఆ ఇద్దరు నలుగురికిస్తరు. మడిలున్నోడు వాట్సాప్ చూస్తడా? జేబుల మోగితె లెక్కవెట్టుకుంటడు."

"రాలేదని కూడా చెబుతారా?"

"చెప్పకుంటె ఎట్ల? మా కాడికి రాలేదంటెనే మీదోళ్లు గండి యాడ వడ్డదో దేవులాడ్తరు. సప్పుడు చేయకుంటె పారుతున్నయనే అనుకుంటరు గద."

నా కాలేజీ పాఠంలో ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కొక్క టెలిస్కోపు ఇక్కడ లేదు అంటేనే మిగతావాళ్లు ఆ మేర వదిలి ఇంకోచోట వెతుకుతారు. షమీమ్ కుర్మయ్య వంక, గోడ వంక చూసింది. "మూడు కబుర్లకూ మోగియ్యలేదు కాకా నేను" అంది.

పూణేకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. పెద్దాయన మంచివాడే, కానీ ఒడిశాకు మాట ఇచ్చేశానన్నారు. చివరికి ఒక మెట్టు దిగారు: నేను అక్కడుండే రెండు రోజుల్లో కబురు వచ్చి, రెండు గంటల్లో జవాబు పంపగలిగితే టెలిస్కోపు ఉంటుంది. లేకపోతే పెట్టెలో పెట్టుకుని రావాలి. షమీమ్ ఆ పెట్టెను తరగతి గది మూలకు తోసి, పైన అట్లాసు పటాలు కప్పేసింది. కనిపించకుండా.

మూడు

మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టె తింటూ ఇద్దరం ఫోన్ల వంకే చూస్తున్నాం. మీరు నమ్మరేమో, సాయంత్రం పొద్దు గుంకి మసక పడుతుండగా రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. రెండు నక్షత్రాల తాకిడి అయ్యుండవచ్చు, వెతకండి. మా బడి వాటాకు అయిదు గెలాక్సీలు. అయిదూ పడమటి ఆకాశంలో కిందికి ఉన్నాయి. చీకటి పడగానే మొదలుపెడితే గంటంపావులో అస్తమిస్తాయి.

పడమటే ఊరి బస్టాపు. అక్కడ కొత్తగా ఎత్తైన స్తంభం దీపం వేశారు, పట్టపగలులా వెలుగుతుంది. దాని వెనక కిరాణా కొట్లు, ఇళ్ల ముందు బల్బులు. వాటి మధ్యలోంచి అంత మసక గెలాక్సీలు కనబడవు. స్తంభం డబ్బా తాళంచెవి పంచాయతీ మనిషి దగ్గరుంది. షమీమ్ నాలుగుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు.

కుర్మయ్య చార్జింగులోంచి ఫోన్ పీకాడు. "ఎత్తడమ్మా వాడు. నీళ్లంటె ఉరికొస్తడు" అని మూడు మిస్డ్ కాల్‌లు ఇచ్చేశాడు.

పావుగంటలో బడి ముందు సగం ఊరుంది. భుజాన పారలు, మోకాళ్లదాకా ఎత్తి కట్టిన పంచెలు, చీరలు. మోటారు సైకిళ్లన్నిటి హెడ్‌లైట్లూ సూటిగా మా టెలిస్కోపు మీదికే. ఉన్న వెలుగుకు ఇంకో పెళ్లి వెలుగు తోడైంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నీళ్లేవి కుర్మయ్యా? తూముల తేమ గూడ లేదు!" అని ఒక పెద్దావిడ పార నేలకేసి కొట్టింది.

"నీళ్లు గాదు. ఇంకా మీదికెల్లొచ్చింది కబురు. మేడమ్ చెప్తది, ఇనుండ్రి."

షమీమ్ మేడ అంచుకు వచ్చింది. "దూరంగ రెండు చుక్కలు గుద్దుకున్నయంట. యాడనో వెతకాలె. లోకమంత పంచుకున్నరు, మన ఊరి వంతుకు అయిదు తావులు వడ్డయ్. గంటన్నర లైట్లు బంద్ చేస్తె మేం చూస్తం. లేకుంటె ఈ మిషన్ తీస్కపోతరు."

"ఇంకెవలకు వడ్డది వంతు?" అడిగింది ఆ పెద్దావిడ.

"జపాన్ల ఉన్నరు. ఆస్ట్రేలియాల ఉన్నరు."

"అండ్ల మనమున్నమా?"

"ఉన్నం."

"ఇగ నిలవడ్డరేంది మరి? బంద్ చేయుండ్రి!" అని ఆవిడే గుంపును అదిలించింది.

తాళంచెవి మనిషి కూడా పారతోనే వచ్చి ఉన్నాడు. వాణ్ణి నలుగురు బండెక్కించి స్తంభం దగ్గరికి పట్టుకుపోయారు. దీపం ఆరింది. కొట్లు ఆరాయి. ఇళ్ల ముందు బల్బులు ఒక్కొక్కటీ ఆరాయి. నా జీవితంలో నేను అడిగితే మా వీధిలో ఒక్క సీరియల్ బల్బు ఆర్పలేదు ఎవరూ. ఆ చీకట్లోకి చూస్తూ నాకు గుండె నిండిపోయింది. తల ఎత్తితే పైన చుక్కలు, సుద్దముక్క అక్కర్లేకుండా.

రెండు

షమీమ్ పనిలో పడింది. ఒక గెలాక్సీని ఫొటో తీయడం, పాత ఫొటో పక్కన పెట్టడం, ఇంకోసారి తీయడం. నేను గడియారం చూస్తూ పేర్లు చదివాను. మొదటిది, రెండోది, మూడోది, ఏమీ లేవు.

నాలుగోదాంట్లో చుక్క ఉంది. పాత ఫొటోలో లేని చుక్క. నేను అరిచాను. కింద జనంలో కదలిక వచ్చింది. షమీమ్ మాత్రం, "జర ఆగుండ్రి మేడమ్" అని అయిదోదానికి తిప్పేసింది. అది కొండ అంచుకు దిగిపోతోంది మరి. అది ముగించి, మళ్లీ నాలుగోదానికి వచ్చి తీసింది. చుక్క కొంచెం పక్కకు జరిగి ఉంది. "నక్షత్రం జరగదు గద. ఏదో చిన్న గ్రహశకలం, దారిన పోతుంది" అంది. పాఠం చెప్పినదాన్ని నేను, తొందరపడిందీ నేనే.

"చూశాం. అయిదింటిలోనూ కొత్తది లేదు" అని ఆమే టైపు చేసి, ఫొటోలు జతచేసి పంపింది. రెండు గంటలకు ఇంకా కొంత మిగిలే ఉంది.

"ఉన్నదా బిడ్డా?" కిందినుంచి కుర్మయ్య.

"లేదు కాకా."

ఆయన ఫోన్ తీసి రెండు మిస్డ్ కాల్‌లు ఇచ్చాడు. చీకట్లో ఊరంతా, ఈ గుమ్మంలో రెండుసార్లు, ఆ అరుగు మీద రెండుసార్లు ఫోన్లు మోగి ఆగిపోయాయి. ఆ తర్వాత దీపాలు ఒక్కొక్కటీ వెలిగాయి. పార ఎత్తుకుని వెళ్తూ ఆ పెద్దావిడ, "రాలేదంట. మళ్లొచ్చినప్పుడు జూద్దం" అంది పక్కావిడతో, కాలువ గురించి మాట్లాడినట్టే.

పూణే నుంచి పట్టిక వచ్చింది. ఆ సాయంత్రం ఎవరెవరు చూశారో, ఏం చెప్పారో. మా జట్టులో మొదటి జవాబు ఆ ఊరిదే. ఆ పేరు అంత పైన కనబడేసరికి షమీమ్ నాలుగుసార్లు చదివింది. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి? అప్పటికప్పుడు గోడ మీద కాగితం కింద, కొట్టేసిన వాక్యాన్ని నా చేత్తో పెద్ద అక్షరాలతో రాశాను.

ఆ తాకిడి వెలుగు ఆ తర్వాతా ఎవరికీ దొరకలేదు. కానీ ఆకాశంలో అయిదు తావులు వెతకనక్కర్లేదని లోకానికి చెప్పింది మాత్రం పారలు పట్టుకుని వచ్చినవాళ్లు.

కాకినాడ

పెట్టె ఖాళీగా పోకూడదని, తెల్లారి ఎవరెవరో వచ్చి పల్లీలతో నింపేశారు. కొత్తకోటలో కండక్టరు మళ్లీ టికెట్టు కొట్టాడు. ఈసారి సంతోషంగా ఇచ్చాను. ధాబాలో చాయ్ పూర్తిగా తాగి, మీరన్నది నిజమే, చూడకుండా మాట్లాడాను అని చెప్పాను. ఆయనకు నేనెవరో గుర్తులేదు, పెట్టె గుర్తుంది.

మొన్న సాయంత్రం వంకాయలు తరుగుతుంటే కబురు వచ్చింది. మేడెక్కాను. సముద్రం మీదినుంచి మబ్బు, కింద ఎదురింటి బల్బులు. చేసేదేం లేక దిగివచ్చి కూర పూర్తి చేశాను. పట్టిక ఇంకా రాలేదు. గంట దాటాక ఫోన్ మోగింది. తీసేలోపు ఆగింది. మళ్లీ మోగి, ఆగింది.

మూడోసారి మోగుతుందేమోనని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మోగలేదు.

"ఎవరు?" అన్నారు మా ఆయన.

"మా ఊరివాళ్లు" అన్నాను. "చూశారట. అక్కడ లేదట."